క్రెష్ తలుపు తట్టి చూసేదెవరు?

మా చెల్లెలి కూతురికి పదకొండు నెలల పాప. ప్రసూతి సెలవు 26 వారాలూ గడిచిపోయాయి. ఆ పైన పెట్టిన జీతం లేని సెలవూ అయిపోవచ్చింది. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలైనా కాలేదు, పాకే పిల్ల వెనకాల పరిగెత్తే ఓపిక ఆవిడకు లేదు. "పెద్దమ్మా, నువ్వొచ్చి రెండు రోజులు నాతో తిరుగు. నేనొక్కదాన్నీ వెళితే ఏం చూడాలో, ఏం అడగాలో తోచడం లేదు" అని ఫోన్ చేస్తే తెనాలి నుంచి బయల్దేరి హైదరాబాద్ వెళ్ళాను. కూకట్‌పల్లి చుట్టుపక్కల రెండు రోజుల్లో ఐదు బేబీ కేర్ సెంటర్లు చూశాం.

మొదటిది ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉంది. కింద బిర్యానీ సెంటరు, మెట్ల పక్కనే వరసగా గ్యాసు సిలిండర్లు. పైన మాత్రం గోడల నిండా బొమ్మలు, నేలమీద రంగురంగుల రబ్బరు చాపలు, ప్రతి గదిలో కెమెరా. పధ్నాలుగు మంది పిల్లలు, ఒక్కతే ఆయా. రెండో ఆమె ఆరోజు రాలేదట. గుమ్మం దగ్గర బోర్డు: తల్లిదండ్రులు ఈ గది దాటి లోపలికి రాకూడదు. నేను ఫీజు సంగతి ఎత్తలేదు. "గవర్నమెంటు తరఫున ఎవరైనా అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్తుంటారామ్మా?" అని అడిగాను. యజమానురాలు నవ్వేసింది. "చూడ్డానికి మీరే వచ్చారు కదండీ!" అంది.

ఆ మాటలో వెటకారమేమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. ఆ జవాబే నన్ను రెండు రోజులూ వదల్లేదు.

మా రోజుల్లో నేను పిల్లాణ్ణి పక్కింటి పిన్నిగారి దగ్గర వదిలి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. ఆవిడకు ఏ లైసెన్సూ లేదు. కానీ ఆ ఇంటి తలుపులు పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా తీసే ఉండేవి. పాలవాడు చూసేవాడు, ఎదురింటివాళ్ళు చూసేవారు, పిల్లాడు గట్టిగా ఏడిస్తే వీధి మొత్తానికీ వినపడేది. ఇప్పటి ఫ్లాటుకు తలుపేస్తే లోపలి ఏడుపు లిఫ్టు దాకా కూడా రాదు. వీధి చేసే పని ఇంకెవరో ఒకరు చెయ్యాలి కదా. మరి ఎవరు చేస్తున్నారు?

చట్టాలకేం తక్కువ?

తిరిగొచ్చాక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మన దగ్గర చట్టాలు లేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే క్రెష్ గురించి చెప్పింది. 1976లో సవరించాక, 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ప్రతి ఫ్యాక్టరీలోనూ ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలంది. గాలీ వెలుతురూ ఉండాలనీ, శుభ్రంగా ఉంచాలనీ, పిల్లల్ని చూడడంలో శిక్షణ పొందిన స్త్రీ ఉండాలనీ కూడా రాసింది. తేయాకు తోటలకూ, గనులకూ, బీడీ కార్ఖానాలకూ, 1996 నుంచి భవన నిర్మాణ పనులకూ ఇలాంటివే వేరువేరుగా వచ్చాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ వసతి కల్పించాలన్నారు. 50 మంది ఆడవాళ్ళని కాదు, మొత్తం ఉద్యోగులు 50 మంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు, తెలిసిన మేనేజర్లు తెలియనట్టు ఊరుకుంటారు. ఈ పాత చట్టాలన్నీ ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో 67వ సెక్షన్ ఈ క్రెష్ నియమమే. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని కూడా అందులో ఉంది.

వినడానికి బాగానే ఉంది. కానీ జాగ్రత్తగా చదివితే ఇదంతా యజమానిని అడిగే లెక్క. నువ్వు క్రెష్ పెట్టావా, లేదా? సొంతంగా పెట్టలేకపోతే బయటి ప్రైవేటు క్రెష్‌తో కుదుర్చుకోవచ్చు. కార్మిక శాఖ తనిఖీ అధికారి (కొత్త కోడ్‌లో ఆయన పేరు 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్') వచ్చి చూసేది కంపెనీని. ఆ కంపెనీ కుదుర్చుకున్న ఫ్లాటు మెట్ల కింద సిలిండర్లున్నాయా అన్నంత దూరం ఆయన చూపు వెళుతుందని నేననుకోను.

మరి కంపెనీతో సంబంధం లేకుండా, మా అమ్మాయిలాగా తల్లి సొంతంగా వెతుక్కుని చేర్చే క్రెష్ మాటేమిటి? అంగన్‌వాడీ అయితే ఐసీడీఎస్ సూపర్‌వైజరుంది. అనాథాశ్రమాలూ, వసతి గృహాలూ అయితే 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరు కావాలి. ప్రైవేటు ప్లే స్కూళ్ళ కోసం జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు తయారుచేసింది. కానీ అవి మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల బళ్ళకు, పైగా వాటిని ఆచరణలో పెట్టాల్సింది రాష్ట్రాలు. మూడేళ్ళ లోపు పిల్లను పగలంతా ఉంచుకునే ప్రైవేటు క్రెష్ ఫలానా ఆఫీసులో లైసెన్సు తీసుకుని తీరాలి అనే చట్టం దేశం మొత్తానికీ వర్తించేట్టు లేదు. నోరు తెరిచి 'నన్ను కొట్టారు' అని చెప్పలేని వయసు పిల్లలే ఈ సందులో పడిపోయారు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో క్రెష్‌లకు కనీస మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో మళ్ళీ కనీస ప్రమాణాలంటూ ఇంకొన్ని వచ్చాయి. 2018 నాటివి చదివితే, రాసినవాళ్ళకు పిల్లల సంగతి తెలుసునని అర్థమవుతుంది. మూడేళ్ళలోపు పిల్లలు పదిమందికి ఒక కార్యకర్త, తోడు ఒక సహాయకురాలు ఉండాలి. పిల్లలు లోపల ఉన్న సమయంలో ప్లంబరు, డ్రైవరు, ఎలక్ట్రీషియన్ లాంటి బయటి మగవాళ్ళెవరూ లోపలికి రాకూడదు. తల్లిదండ్రులతో, కార్యకర్తలతో కలిపి ఒక పర్యవేక్షణ సంఘం ఉండాలి. ఇంత వివరంగా రాశారు గానీ, ఇది ఆఫీసులు పెట్టే క్రెష్‌లను ఉద్దేశించింది, పైగా మార్గదర్శకం. పాటించకపోతే వచ్చి అడిగేవాడి పేరు అందులో వెతుక్కోవాల్సిందే.

కెమెరా చూసింది, మనిషి చూడలేదు

2016 నవంబరులో నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో ఒక క్రెష్‌లో పదినెలల పాపను ఆయా కొట్టి, తన్ని, నేలకేసి పడేసింది. తల్లి ఒంటిమీద దెబ్బలు చూసి, ఆస్పత్రికి తీసుకెళ్ళి, పోలీసుల దగ్గరికి పోతే, అప్పుడు కెమెరా రికార్డింగ్ తీసి చూశారు. ఆయానూ, యజమానురాలినీ అరెస్టు చేశారు. టీవీల్లో ఆ దృశ్యం చూసి దేశమంతా అన్నం సహించక కూర్చుంది. ఇక నిబంధనలు వస్తాయన్నారు. సరిగ్గా దాదాపు తొమ్మిదేళ్ళకు, 2025 ఆగస్టులో నోయిడాలో పదిహేను నెలల పాప. మళ్ళీ తల్లే ఒంటిమీద గుర్తులు చూసింది, మళ్ళీ ఆ తర్వాతే కెమెరా తీశారు.

రెండు చోట్లా కెమెరా ఉంది. అది తన పని తాను చేసింది. అది పట్టుకున్నదాన్ని ఆ పూట చూసే మనిషే లేడు. అందుకే ఏ సెంటరులోనైనా యజమాని ముందుగా కెమెరాలు చూపించి గొప్పగా చెబుతుంటే నాకు ధైర్యం రాలేదు. "లైవ్ మా ఫోన్లో వస్తుందా?" అని మా అమ్మాయి అడిగితే, ఐదింటిలో నాలుగు చోట్ల "అది కుదరదండీ, మిగతా పిల్లల ప్రైవసీ ఉంటుంది కదా" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ తల్లి చూడకూడదు, అధికారి రాడు అంటే ఆ రికార్డింగ్ ఇక పోలీసుల కోసమే.

బిడ్డకు దెబ్బ తగిలాక మన చట్టం చేతకానిదేమీ కాదు. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల్ని చూసుకోవాల్సిన సంస్థలో పనిచేసేవాళ్ళు గానీ, నడిపేవాళ్ళు గానీ క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ళ వరకూ కఠిన కారాగారం, ఐదు లక్షల దాకా జరిమానా. లైంగిక దాడి జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకుండా కప్పిపుచ్చిన సంస్థ పెద్దకు పోక్సో చట్టం కింద ఏడాది దాకా జైలు. 1098కి ఫోన్ చేస్తే పలుకుతారు. ఇవన్నీ జరిగాక. జరగకముందు వచ్చే మనిషి ఒక్కడూ లేడు.

నిప్పు విషయంలోనూ ఇదే తంతు. 2004 జులై 16న కుంభకోణంలో వంటగది నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది చిన్నపిల్లలు కాలిపోయాక, సుప్రీంకోర్టు 2009లో బళ్ళన్నిటికీ అగ్నిమాపక భద్రత ఉండాలని ఆదేశించింది. అది బళ్ళకు. రెండో అంతస్తులోని మూడు గదుల ఫ్లాటు కాగితాల మీద బడి కాదు, కాపురం ఉండే ఇల్లు.

మూసేస్తే సరిపోతుందా?

ఇన్‌స్పెక్టర్లు వస్తే ఏమవుతుంది, మామూళ్ళు మొదలవుతాయి అంటారు చాలామంది. మా మరిదిగారైతే "ఆ బిర్యానీ సెంటరుకు రావడం లేదా వదినా? వచ్చి ఏం చేశారు, ప్యాకెట్ కట్టించుకుపోయారు" అన్నాడు. కాదనలేను. కానీ తనిఖీ అంటే మనకు తెలిసింది రెండే: చూసీ చూడనట్టు పోవడం, లేదా తాళం వేసేయడం. ఈ రెండింటి మధ్యా ఉండాల్సిన మెట్లు మనం కట్టుకోలేదు.

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక బడిలో నాలుగేళ్ళ పాప మీద ప్రిన్సిపాల్ కారు డ్రైవరు అఘాయిత్యం చేశాడు. జనాగ్రహం చూసి ప్రభుత్వం ఏకంగా బడి గుర్తింపే రద్దు చేసింది. మర్నాటి నుంచి రోడ్డెక్కింది ఎవరనుకున్నారు? అదే బడిలో చదివే మిగతా పిల్లల తల్లిదండ్రులు. మధ్యలో మా పిల్లల్ని ఎక్కడ చేర్చమంటారని అడిగారు. చివరికి ఆ విద్యా సంవత్సరానికి బడి తెరవనిచ్చారు. డ్రైవరుకు 2023లో ఇరవయ్యేళ్ళ శిక్ష పడింది, అది వేరే సంగతి. చేతిలో గొడ్డలి తప్ప ఇంకేమీ లేని అధికారి కొమ్మలు కత్తిరించలేడు, చెట్టు నరికితే నీడ పోతుందని జనం ఒప్పుకోరు. క్రెష్ విషయంలో ఇంకా కష్టం. సోమవారం పొద్దున్నే తాళం వేస్తే ఆ పధ్నాలుగు మంది తల్లులూ ఆ రోజే సెలవు పెట్టాలి.

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో డాలస్‌లో ఉంటాడు. ఇద్దరూ ఉద్యోగస్తులే, వాళ్ళ పిల్లాడు ఆరు నెలలప్పటి నుంచీ డే కేర్‌లోనే. చేర్చే ముందు వాళ్ళేం చూశారని ఫోన్లో అడిగితే, "అత్తయ్యా, ముందు తనిఖీ రిపోర్టులు చదివాం" అన్నాడు. అక్కడ 2014లో ఒక కేంద్ర చట్టం చేశారు. ప్రభుత్వ సాయం తీసుకునే లైసెన్సు ఉన్న డే కేర్‌లకు ఏడాదికి ఒక్కసారైనా చెప్పకుండా వెళ్ళి తనిఖీ చేయాలి, ఏం కనపడిందో అందరూ చదువుకునేట్టు ఇంటర్నెట్‌లో పెట్టాలి, పనివాళ్ళ వేలిముద్రలు తీసుకుని పాత నేరాలున్నాయేమో చూడాలి. టెక్సాస్‌లో ఒక్కో లోపానికీ తీవ్రత ఎంతో కూడా రాస్తారట. వాళ్ళు చేర్చిన సెంటరుకే ఒకప్పుడు మందు సీసా పిల్లలకు అందేచోట ఉందని రాసి, అక్కడికక్కడే సరిచేశారని కూడా రాశారట. "అది చూసి భయం వేయలేదురా?" అన్నాను. "లేదత్తయ్యా, ఎవరో చూశారు కదా అని ధైర్యం వచ్చింది" అన్నాడు.

లోపం రాయడం, గడువివ్వడం, మళ్ళీ వచ్చి చూడడం, జరిమానా, చివరికి లైసెన్సు రద్దు. మెట్లంటే ఇవే. అందులోనూ అన్నిటికంటే చవకైనది, రాసిందాన్ని తల్లికి చదవనివ్వడం. పదిమంది తల్లులు చదివే కాగితం మీద మామూలు పుచ్చుకుని అబద్ధం రాయడం కాస్త కష్టం.

అలాగని తనిఖీ ఉంటే చాలుననుకోకండి. 2009 జూన్ 5న మెక్సికోలోని ఎర్మొసియో పట్టణంలో ఒక క్రెష్‌లో 49 మంది పిల్లలు చనిపోయారు. ప్రభుత్వ సామాజిక బీమా సంస్థ ఒప్పందం మీద ప్రైవేటువాళ్ళు నడిపిన క్రెష్ అది. గోడకు ఆనుకుని ప్రభుత్వ ఆర్థిక శాఖ వాడుకుంటున్న గిడ్డంగి ఉంది. నిప్పు అక్కడ పుట్టి ఇటు పాకింది. బయటపడే తలుపు తెరుచుకోలేదు. ఒకాయన తన ట్రక్కుతో గోడను గుద్ది కన్నాలు చేస్తే కొందరు పిల్లలు బయటపడ్డారు. అదే క్రెష్‌కు కొద్దిరోజుల ముందు తనిఖీ జరిగింది, అంతా బాగుందనే రాశారు. ఆ తల్లిదండ్రులు పోరాడి పోరాడి 2011లో దేశం మొత్తానికీ ఒక చట్టం తెచ్చుకున్నారు. పిల్లలకు ప్రమాదం తెచ్చే సంస్థ ఏదీ క్రెష్‌కు 50 మీటర్ల లోపల ఉండకూడదని అందులో రాయించారు. 2023 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక ఇంటి డే కేర్‌లో మాదకద్రవ్యం సోకి ఏడాది బాబు చనిపోయాడు. పిల్లలు ఆడుకునే నేల కిందే దాన్ని దాచారు. అక్కడికీ వారం రోజుల ముందు ఇన్‌స్పెక్టరు చెప్పకుండానే వెళ్ళి చూసి వచ్చాడు. అంటే, గోడలోపలి పట్టికలో గీతలు పెట్టుకుంటూ పోతే గోడవతల గిడ్డంగీ కనపడదు, నేలకిందదీ కనపడదు. నాకు మాత్రం ఎర్మొసియో గురించి చదువుతుంటే మెట్ల పక్కన చూసిన సిలిండర్లే కళ్ళముందు మెదిలాయి.

ఆయా సంగతి కూడా అడగాలి

మూడో సెంటరులో, యజమాని ఫోన్ మాట్లాడుతుంటే ఆయాను పలకరించాను. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా డ్యూటీ. "నీ పిల్లలెక్కడ ఉంటారమ్మా?" అంటే, "చిన్నోడికి రెండేళ్ళమ్మా, పెద్దపిల్ల చూసుకుంటది" అంది. పెద్దపిల్లకు తొమ్మిదేళ్ళు. బడికి పంపడం లేదా అని అడగబోయి ఊరుకున్నాను. రోజంతా పరాయి పిల్లల్ని ఎత్తుకుని, తన పిల్లల్ని గదిలో వదిలొచ్చిన మనిషికి సాయంత్రం ఐదింటికి ఓపిక ఎంత మిగులుతుందో మనం ఆలోచించం. ఆయా జీతం, డ్యూటీ గంటలు, ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలు అన్నవే అసలైన భద్రతా ప్రమాణాలని నా అభిప్రాయం. గోడమీది బొమ్మలు తర్వాత. ఇంగ్లండులో రెండేళ్ళలోపు పిల్లలైతే ముగ్గురికి ఒక మనిషి ఉండాలి. మన మొదటి సెంటరులో పధ్నాలుగు మందికి ఒకామె. ప్రమాణం పెంచితే ఫీజు పెరుగుతుందనేది నిజమే. ఆ తేడాను తల్లి జీతంలోంచే లాగాలా, 50 మంది నియమం కింద యజమాని, అంగన్‌వాడీలతో కలిపి క్రెష్‌లు పెడతామంటున్న ప్రభుత్వం కూడా మోయాలా అన్నది అడగాల్సిన ప్రశ్న.

నాలుగో సెంటరు ఒక రిటైరైన టీచరమ్మది. కింది పోర్షను, చిన్న వసారా, తొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు ఆయాలు. లైసెన్సుందా అంటే ఫైలు తెచ్చి చూపించింది. మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు. "కిరాణా కొట్టుకూ ఇదే, నాకూ ఇదే. పిల్లలకోసం వేరే లైసెన్సు ఎక్కడిస్తారో చెబితే నేనే వెళ్ళి తెచ్చుకుంటానండీ. ఏ ఆఫీసుకెళ్ళినా అది మా శాఖ కాదంటున్నారు" అంది. సరిగ్గా నడిపేవాళ్ళకే లైసెన్సు కావాలి. ఒక గదిలో పాతికమందిని కుక్కి సగం ఫీజుకు తీసుకునేవాడితో పోటీపడాల్సింది ఆవిడే కదా.

మా అమ్మాయి అక్కడే చేర్చింది. ఒక్క షరతు పెట్టింది: నేను ఎప్పుడైనా చెప్పకుండా వస్తాను, తలుపు తియ్యాలి, లోపలిదాకా రానివ్వాలి. టీచరమ్మ ఒప్పుకోవడమే కాదు, మర్నాటికల్లా ఒక పొడుగాటి రిజిస్టరు కొని, స్కేలు పెట్టి గళ్ళు గీసి, పైన 'తనిఖీకి వచ్చినవారు' అని రాసి గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. తేదీ, సమయం, పేరు, హోదా, గమనించిన లోపాలు. నేను తెనాలికి తిరిగొచ్చే రోజున మధ్యాహ్నం రెండున్నరకు, పిల్లలు నిద్రపోయే వేళ చూసి, చెప్పకుండా వెళ్ళి తలుపు తట్టాను. వెంటనే తీశారు. లోపాల గడిలో 'వసారా గేటు గొళ్ళెం కిందకుంది, పిల్లలకు అందుతుంది' అని రాశాను. హోదా అన్నచోట కాసేపు పెన్ను ఆగింది. 'అమ్మమ్మ' అని రాసి సంతకం పెట్టాను.